వార్తా ఫీడ్లు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల సందర్భం

ఒక వార్తాసంస్థ రాసిన వార్తలు మరో వెబ్‌సైట్‌లో వాటంతటవే వచ్చి చేరే ఏర్పాటును వార్తా ఫీడ్ అంటారు. రాసినవాళ్లు తాజా శీర్షికల జాబితాను ఒక నిర్ణీత పద్ధతిలో ఇంటర్నెట్‌లో ఉంచుతారు. తీసుకునేవాళ్ల సర్వర్ కొంత వ్యవధికోసారి వెళ్లి ఆ జాబితాను చదివి వస్తుంది. ఎవరూ చెయ్యి పెట్టకుండానే పేజీ మీద కొత్త శీర్షికలు ఎక్కుతుంటాయి. కాలేజీ సైటు, వ్యాపార సంఘం సైటు, ఊరి పేరుతో నడిచే పోర్టల్ వంటి వాటికి సొంత విలేకరులు ఉండరు. ఎప్పుడు తెరిచినా పాత సరుకే అనిపించుకోకుండా ఉండటానికి అవి ఎంచుకునే దగ్గరి దారి ఇది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు ఈ దారి ఎంతవరకు పనికొస్తుందో చూస్తే దాని బలమూ లోపమూ రెండూ బయటపడతాయి. ఫీడ్ పేజీని తాజాగా ఉంచగలదు. ఆ తాజా వార్త ఎక్కడిదన్నది మాత్రం దాని చేతుల్లో లేదు. వార్తను ఏ ఊళ్లో కూర్చుని రాశారు, ఏ ఊరి పేరు పెట్టి పంపారు, తీసుకునేవాళ్లు ఏ మాట పట్టుకుని వెతికారు అన్నదాన్ని బట్టి అది తేలుతుంది. ఈ సంగతి పట్టించుకోకుండా ఫీడ్ తగిలించుకున్న జిల్లా సైట్లలో ఢిల్లీ, సినిమా, క్రికెట్ వార్తలు నిండుగా ఉంటాయి, జిల్లా ఒక్కటే కనపడదు.

జిల్లా వార్త ఉండే చోటు

2016 అక్టోబర్ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాను విడదీసినప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరు జిల్లాలయ్యాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిపోయింది. అయినా పత్రికల వాళ్ల నోట ఇప్పటికీ 'ఉమ్మడి పాలమూరు' మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

తెలుగు పత్రికలకు మండలానికో కంట్రిబ్యూటర్ ఉంటాడు. అతను పంపిన వార్త జిల్లా డెస్క్ చేరి, అక్కడి నుంచి జిల్లా పేజీలోకో నియోజకవర్గ పేజీలోకో వెళుతుంది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు ఆ తర్వాతి కాలంలో జిల్లా అనుబంధాలను అలవాటు చేసింది, మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. అలా పల్లె వార్తకు అచ్చులో దొరికినంత చోటు భారతీయ భాషల పత్రికల్లో అరుదు. ఆస్ట్రేలియా పండితుడు రాబిన్ జెఫ్రీ 2000లో వెలువరించిన భారత పత్రికల చరిత్రలో తెలుగు జిల్లా పేజీలకు ప్రత్యేక స్థానం ఇచ్చాడు.

వెబ్‌లోకి వచ్చేసరికి లెక్క మారుతుంది. జిల్లా పేజీ ఎక్కువగా ఈ-పేపర్ రూపంలో, అంటే పేజీ బొమ్మగా ఉంటుంది. చదివేవాళ్లు దాన్ని క్లిప్పింగ్ చేసి వాట్సాప్ గ్రూపులో వేసుకోగలరు గాని, బొమ్మలోని అక్షరాలు ఫీడ్‌కు అందవు. ఫీడ్‌లోకి వచ్చేది వెబ్ డెస్క్ విడిగా పెట్టే వార్తలే. వాటిలో రాజధానికి, రాజకీయాలకు, సినిమాకు దక్కే పాలు ఎక్కువ. మల్దకల్‌లోనో వీపనగండ్లలోనో జరిగిన సంగతి మర్నాటి ఉదయం అచ్చులో ఉంటుంది, వాట్సాప్‌లో ముందు రాత్రే తిరుగుతుంది, ఫీడ్‌లో మాత్రం ఏనాటికీ ఉండకపోవచ్చు.

తంతి నుంచి టెలిప్రింటర్ దాకా

ఇతరులు సేకరించిన వార్తను డబ్బు కట్టి వాడుకోవడం ఇంటర్నెట్ కంటే చాలా పాతది. పారిస్‌లో హవాస్ 1835లో, లండన్‌లో రాయిటర్స్ 1851లో మొదలయ్యాయి. మన దేశంలో కె.సి. రాయ్ నెలకొల్పిన అసోసియేటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియా తర్వాత రాయిటర్స్ అధీనంలోకి పోయింది. స్వాతంత్ర్యం వచ్చిన పన్నెండో రోజున, 1947 ఆగస్టు 27న, ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా (పీటీఐ) మద్రాసులో రిజిస్టరైంది. 1949 ఫిబ్రవరి 1 నుంచి వార్తలు పంపడం మొదలుపెట్టింది. యునైటెడ్ న్యూస్ ఆఫ్ ఇండియా (యూఎన్‌ఐ) 1961 మార్చి 21న రంగంలోకి వచ్చింది. అత్యవసర పరిస్థితిలో నాలుగు వార్తాసంస్థలను కలిపి 'సమాచార్' అనే ఒకే సంస్థగా చేశారు, 1978లో మళ్లీ విడగొట్టారు. దేశమంతటి పత్రికల్లో ఒకే వార్త ఒకే మాటల్లో వస్తే ఎలా ఉంటుందో ఆ రెండేళ్లలో పాఠకులకు అనుభవమైంది.

ఈ సంస్థల కాపీ ఇంగ్లీషులో వచ్చేది. పీటీఐ హిందీ సేవ 'భాష' కూడా 1986లోనే మొదలైంది. తెలుగు పత్రికల్లో సబ్ ఎడిటర్లు టెలిప్రింటర్ కాగితం చింపుకుని, తెనిగించి, కుదించి, అవసరమైన చోట వివరం చేర్చేవాళ్లు. సిండికేట్ వార్తకూ పాఠకుడికీ మధ్య ఒక మనిషి కూర్చునే పద్ధతి అది. ఫీడ్ వచ్చాక మొదట ఖాళీ అయింది ఆ కుర్చీయే.

పాలమూరు జిల్లాలో పత్రికల సంగతి ఈ వార్తాసంస్థల ఊసు లేకుండానే మొదలైంది. 1913లో మహబూబ్‌నగర్ నుంచి 'హితబోధిని' మాసపత్రిక వెలువడింది. ఇప్పటి గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926 మే 10న హైదరాబాద్‌లో 'గోలకొండ పత్రిక'ను వారానికి రెండుసార్లు వచ్చేలా ప్రారంభించాడు. 1947లో అది దినపత్రికైంది. సిబ్బంది లేని రోజుల్లో ఆయనే రకరకాల కలం పేర్లతో పేజీలు నింపేవాడు. తెలంగాణలో కవులే లేరన్న విమర్శకు జవాబుగా జిల్లాల నుంచి రచనలు తెప్పించి 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చాడు. 1952 ఎన్నికల్లో ఆయన గెలిచిన స్థానం వనపర్తి. రాజధానిలో అచ్చయ్యే పత్రికలోకి ఊళ్ల సరుకు ఎక్కించాలంటే ఊళ్లను అడిగి తెప్పించుకోవాలని ఆయనకు తెలుసు. పంపేవాడు పంపినదే తీసుకునే నేటి ఫీడ్‌కు అడిగి తెప్పించుకునే ఆ గుణం లేదు.

ఆర్‌ఎస్‌ఎస్, ఆటమ్

ఇప్పుడు వాడుకలో ఉన్న ఫీడ్‌కు మూలం 1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థ విడుదల చేసిన ఆర్‌ఎస్‌ఎస్ 0.90. 'మై నెట్‌స్కేప్' అనే పోర్టల్‌లో ఇతర సైట్ల శీర్షికలు చూపించడానికి దాన్ని తయారుచేశారు. రూపొందించినవాళ్లలో ముఖ్యుడు భారతీయుడైన రామనాథన్ గుహ. నెట్‌స్కేప్ పక్కకు తప్పుకున్నాక రెండు పాయలు నడిచాయి. 2000 డిసెంబరులో వచ్చిన 1.0 ఒకటి. దాని బృందంలో అప్పటికి పద్నాలుగేళ్ల పిల్లవాడైన ఆరన్ స్వార్ట్జ్ ఉన్నాడు. రెండోది డేవ్ వైనర్ సాగించిన పాయ, అది 2002 సెప్టెంబరులో ఆర్‌ఎస్‌ఎస్ 2.0 అయింది. ఈ రెండు పాయల తగువుతో విసిగినవాళ్లు ఆటమ్ అనే మరో పద్ధతిని తయారుచేస్తే 2005 డిసెంబరులో అది ఇంటర్నెట్ ప్రమాణమైంది. సైటు నడిపేవాళ్లకు ఈ కొట్లాటతో పెద్దగా పనిలేదు, చదివే సాఫ్ట్‌వేర్లు అన్నింటినీ చదువుతాయి.

ఫీడ్ అంటే ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో రాసిన ఒక ఫైలు. అందులో ప్రతి వార్తకూ శీర్షిక, లింకు, చిన్న పరిచయం, ప్రచురించిన సమయం, ఆ వార్తను గుర్తుపట్టే ఒక ప్రత్యేక సంఖ్య లేదా చిరునామా ఉంటాయి. తీసుకునే సర్వర్ ఆ గుర్తును బట్టి పాతదా కొత్తదా అని తేల్చుకుంటుంది. పంపేవాళ్లు ఆ గుర్తును సరిగ్గా ఇవ్వకపోతే శీర్షికలో ఒక అక్షరం దిద్దినప్పుడల్లా అదే వార్త మరోసారి వచ్చి కూర్చుంటుంది.

ఫీడ్‌ను పేజీలో చూపడానికి రెండు మార్గాలున్నాయి. బయటి సంస్థ ఇచ్చిన విడ్జెట్ ముక్కను అతికించుకుంటే శీర్షికలు పాఠకుడి బ్రౌజర్‌లో తయారవుతాయి. పని తేలికే, కాని రంగులూ ప్రకటనలూ ఆ సంస్థ ఇష్టప్రకారం ఉంటాయి. సొంత సర్వర్ మీదే ఫీడ్‌ను చదివి దాచుకుని చూపించడం రెండో మార్గం. సైట్లు నడపడానికి వాడే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌లో ఈ వసతి కలిసే వస్తుంది. ఈ మార్గంలో బయటి నుంచి వచ్చిన కోడ్‌ను వడకట్టకుండా పేజీలోకి వదలకూడదు. ఫీడ్ ఇచ్చే సైటును ఎవరైనా హ్యాక్ చేస్తే ఆ చెడు మన పేజీలోకీ పాకుతుంది.

2005 అక్టోబరులో మొదలైన గూగుల్ రీడర్ ఫీడ్లను మామూలు పాఠకులకు అలవాటు చేసింది. 2013 జులై 1న దాన్ని మూసేశారు. ఫైర్‌ఫాక్స్ 2018 డిసెంబరులో ఫీడ్లు చూపడం మానేసింది. పాఠకుల కంటికి ఫీడ్ కనిపించకుండా పోయినా తెరవెనుక మాత్రం నడుస్తూనే ఉంది. పాడ్‌కాస్ట్ ఎపిసోడ్లు యాప్‌లకు చేరేది ఈనాటికీ ఆర్‌ఎస్‌ఎస్ మీదే.

తెలుగు లిపి పెట్టిన చిక్కు

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీ వచ్చాక గౌతమి ఫాంటుతో మామూలు కంప్యూటర్లలో తెలుగు కనపడసాగింది. అయినా 2000ల దశకంలో చాలా తెలుగు పత్రికల సైట్లు సొంత ఫాంట్లతోనే నడిచాయి. ఆ ఫాంటు లేనిచోట అదే పాఠం అర్థంలేని గుర్తుల వరుసగా కనిపించేది. ఒక పత్రిక శీర్షికను మరో సైటులో చూపడం అప్పట్లో కుదిరే పని కాదు. 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు అలాంటి పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపేది. ఫీడ్ల అసలు ఉపయోగం తెలుగులో ముందు రుచి చూపించినవి పత్రికలు కావు. యూనికోడ్‌లో రాసే ఔత్సాహికుల రచనలను ఒకచోట చేర్చిన కూడలి, జల్లెడ, తేనెగూడు, హారం, మాలిక వంటి సంకలినులు ఆ పని చేశాయి. అవన్నీ ఫీడ్ల మీద ఆధారపడి నడిచినవే.

పత్రికలు యూనికోడ్‌కు మారాక కూడా ఒక చిక్కు మిగిలింది. యూనికోడ్ పాఠాన్ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. 'వనపర్తి'లో చదివేవాడికి నాలుగు అక్షరాలు, యంత్రానికి ఏడు గుర్తులు, ఇరవై ఒక్క బైట్లు. శీర్షికను పొట్టి చేసే సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని బైట్లను కోస్తే చివర ఒక ఖాళీ డబ్బా మిగులుతుంది. గుర్తులను కోస్తే 'వనపర్' దగ్గర ఆగి ఒత్తు ఎగిరిపోతుంది. పూర్తి మాటల దగ్గర కోయమని చెప్పడమే దీనికి మందు. లింకుల్లోనూ ఇదే పరిస్థితి. తెలుగులో పెట్టిన చిరునామాను పంపుకునేటప్పుడు ఒక్కో గుర్తు తొమ్మిది అక్షరాలుగా విచ్చుకుంటుంది, 'వనపర్తి' అన్న ఒక్క మాటకే అరవై మూడు.

ఊరి పేరుతో వడపోత

రాష్ట్రస్థాయి ఫీడ్ నుంచి జిల్లా వార్తలు ఏరుకోవాలంటే ఊళ్ల పేర్లతో జల్లించాలి. చెప్పినంత సులువు కాదు. జిల్లా సైటు నాణ్యత నిలిచేదీ కూలేదీ ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చూడాలి.

ముందు 'గద్వాల' సంగతి. కొన్ని పత్రికలు గద్వాల అని రాస్తాయి, కొన్ని గద్వాల్ అంటాయి. రెండూ దొరకాలని 'గద్వాల్' కూడా చేరిస్తే హైదరాబాద్ నగరపాలక వార్తలు వచ్చి పడేవి. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ మేయరుగా ఎన్నికైన గద్వాల్ విజయలక్ష్మి ఇంటిపేరు అదే. మేయరుగా ఆమె నాలాల పూడికతీత మీద సమీక్ష జరిపితే అది నడిగడ్డ, అంటే గద్వాల ప్రాంతపు, వార్తగా కనిపించేది. ఇక పండగల ముందు గద్వాల చీరల మీద హైదరాబాద్, చెన్నై దుకాణాల కథనాలు వరస కడతాయి.

గద్వాల జిల్లాలో 'గట్టు' ఒక మండలం. ఆ పేరు వడపోతలో పెట్టామా, రాష్ట్రంలో ప్రతి చెరువు గట్టూ తెగిన వార్తగానో తెగని వార్తగానో వచ్చి చేరుతుంది. అదే జిల్లాలోని రాజోలి కోసం వెతికేటప్పుడు కోనసీమ రాజోలును, ఉండవెల్లి కోసం వెతికేటప్పుడు కృష్ణా కరకట్ట మీది ఉండవల్లిని దూరంగా పెట్టాలి. వనపర్తి జిల్లా ఆత్మకూరుకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అదే పేరున్న ఊళ్లు చాలా ఉన్నాయి: నెల్లూరు, నంద్యాల, అనంతపురం, హనుమకొండ, సూర్యాపేట, యాదాద్రి జిల్లాల్లో ఒక్కో ఆత్మకూరు. నాగర్‌కర్నూల్ జిల్లా అచ్చంపేటకు పల్నాడులో ఒక జోడీ ఉంది. వనపర్తి జిల్లా పాన్‌గల్ పేరు నల్లగొండ పానగల్లును పిలుచుకొస్తుంది.

నాగర్‌కర్నూల్‌ది మరో తంటా. ఈ పేరులో 'ర్' తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే తర్వాతి 'క' ఒత్తుగా మారి కింద చేరుతుంది. ఒక డెస్క్ ఆ గుర్తు పెడుతుంది, మరో డెస్క్ ఖాళీ విడిచి రెండు మాటలుగా రాస్తుంది, ఇంకొకరు చివర 'కర్నూలు' అంటారు. చదివేవాడికి అన్నీ ఒకటే, యంత్రానికి ఒక్కొక్కటీ వేరు. పోనీ 'కర్నూల్' ఒక్కటే వెతుకుదామంటే ఆంధ్రప్రదేశ్ కర్నూలు జిల్లా మొత్తం కదిలి వస్తుంది. వెతికే ముందు ఆ కనపడని గుర్తునూ ఖాళీనీ తీసేసి రెండు వైపులా ఒకే రూపానికి తెచ్చి పోల్చడమే దీనికి తోవ. వడపోతలో కావలసిన పేర్లతో పాటు వద్దనుకునే పేర్ల పట్టిక కూడా ఉండాలి. మండలం పేరు ఒక్కటే దొరికితే చాలదు, దాని పక్కన జిల్లా పేరో పొరుగు మండలం పేరో కనపడితేనే నమ్మాలి.

ఇంతకంటే పెద్ద లోటు మరొకటుంది. జిల్లాకు అవసరమైన వార్తలో జిల్లా పేరు అసలు ఉండకపోవచ్చు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. ఆ కేంద్రం ఉన్నది నాగర్‌కర్నూల్ జిల్లాలో, వార్త వెళ్లింది శ్రీశైలం పేరుతో. 2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు అదే జిల్లాలోని దోమలపెంట పేరు ప్రపంచమంతా తెలిసింది. ఆ కొన్ని వారాలు నాగర్‌కర్నూల్ పేరుతో వెతికినవాళ్లకు కొరత లేదు, పైగా ఒకే ఏజెన్సీ కాపీ పదుల సైట్లలో అవే మాటలతో ఎదురైంది. కరువైన వార్త ఒక్కసారిగా వరదై వస్తే ఒకేలాంటి శీర్షికలను గుర్తుపట్టి ఒకటే ఉంచే ఏర్పాటు కావాలి. లేకుంటే పేజీ నిండా ఒకే వాక్యం కనిపిస్తుంది.

నీళ్ల సంగతి మరీ ప్రత్యేకం. గద్వాల, అలంపూర్ ప్రాంతానికి వరద కబురు కృష్ణా మీది జూరాల ప్రాజెక్టులో పుట్టదు. కృష్ణా నీరు ఆలమట్టి, నారాయణపూర్ దాటి వస్తుంది, తుంగభద్ర నీరు హోస్పేట నుంచి వస్తుంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ముందుగా తెలియాల్సినవాళ్లలో ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) ఆయకట్టు రైతులు, నది ఒడ్డు ఊళ్లవాళ్లు ఉన్నారు. కబురు మాత్రం కన్నడంలో, ఇంగ్లీషులో మొదలైంది. కాబట్టి నడిగడ్డ సైటుకు హైదరాబాద్ ఫీడ్ కంటే రాయచూరు, బళ్లారి, విజయనగర జిల్లాల వార్తలిచ్చే ఫీడ్ వానాకాలంలో ఎక్కువ అక్కరకొస్తుంది. జిల్లా సరిహద్దును వార్త సరిహద్దుగా తీసుకుంటే దొరికేది సగం వార్తే.

తాజాదనం, గడియారం

వర్డ్‌ప్రెస్ మామూలుగా ఒకసారి చదివిన ఫీడ్‌ను పన్నెండు గంటల పాటు దాచుకుంటుంది. సాహిత్య సభల వార్తలకు అది చాలు. జూరాల గేట్లు ఎత్తినప్పుడు చాలదు. ఆ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 318.516 మీటర్లు, నిల్వ 9.657 టీఎంసీలు. అంత చిన్న జలాశయంలోకి పెద్ద వరద వస్తే నిలవడానికి చోటుండదు, ఇన్‌ఫ్లో అంకె గంటగంటకూ మారుతుంది. పొద్దున్నే చదివిన ఫీడ్‌లోని అంకెను సాయంత్రం 'తాజా' అనే శీర్షిక కింద చూపడం ఏమీ చూపకపోవడం కంటే ప్రమాదం. 2009 అక్టోబరు మొదట్లో అలంపూర్, రాజోలి మునిగిన ప్రాంతమిది.

అలాగని నిమిషానికోసారి పంపేవాళ్ల సర్వర్ తలుపు తట్టడమూ మర్యాద కాదు. మారితేనే పంపమని అడిగే పద్ధతి ఉంది. మారకపోతే ఆ సర్వర్ '304' అనే ఒక్క జవాబుతో సరిపెడుతుంది, ఫైలు మోసుకురానక్కర్లేదు. కొత్త వార్త పడగానే పంపేవాళ్లే కబురు చేసే వెబ్‌సబ్ పద్ధతి 2018లో ప్రమాణంగా స్థిరపడింది. మరో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. వర్డ్‌ప్రెస్ ఫీడ్‌లో మామూలుగా ఉండేవి చివరి పది వార్తలే. గంటకు నలభై వార్తలు పెట్టే సైటును గంటకోసారి చదివితే ముప్పై జారిపోతాయి, పాలమూరు వార్త ఆ ముప్పైలోనే ఉండే అవకాశం మెండు.

సమయం రాసే తీరు మరో చోట దెబ్బతీస్తుంది. భారత కాలమానానికి ఫీడ్‌లో +0530 అని ఉండాలి. పంపేవాళ్లు అది వదిలేస్తే తీసుకునే యంత్రం గ్రీన్విచ్ సమయం అనుకుంటుంది, వార్త ఐదున్నర గంటలు ముందుకు జరుగుతుంది. ఇంకా జరగని సమయంతో వార్త పేజీ పైన కూర్చుంటుంది. ఏ శీర్షిక పక్కనైనా మూలం పేరు, ప్రచురించిన సమయం రెండూ కనపడాలి.

వరద, పిడుగు, వడగాలి హెచ్చరికలకు పత్రికల ఫీడ్ కంటే నమ్మదగినది జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపే 'సచేత్' వేదిక. అది కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ పద్ధతిలో హెచ్చరికలను ఫీడ్‌గా ఇస్తుంది. ఎప్పటివరకు వర్తిస్తుంది, ఏ ప్రాంతానికి వర్తిస్తుంది అన్నవి ఆ హెచ్చరికలోనే ఉంటాయి కాబట్టి గడువు తీరినదాన్ని యంత్రమే తీసేయగలదు. కేంద్ర ప్రభుత్వ ప్రకటనలకు పత్రికా సమాచార కార్యాలయం (పీఐబీ) ఫీడ్లున్నాయి.

వెతుకుయంత్రాల చూపు

ఫీడ్ పెడితే గూగుల్‌లో పైకి వస్తామన్న నమ్మకం 2000ల నాటిది. రోజూ మారే పేజీ దగ్గరికి వెతుకుయంత్రం తరచుగా వస్తుందన్న మాటలో కొంత నిజముండేది. 2011 ఫిబ్రవరిలో గూగుల్ తెచ్చిన 'పాండా' మార్పు తర్వాత అరువు పాఠంతో నిండిన సైట్లు కిందికి జారాయి. 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ విధానాన్ని ఇంకా బిగించింది. ఇతరుల ఫీడ్లను పాఠకుడికి అదనపు ఉపయోగం లేకుండా తిరిగి చూపడం ఆ విధానం కింద తప్పు పనే. నాలుగు శీర్షికలు పక్క వరసలో పెట్టుకున్నంత మాత్రాన ఎవరూ శిక్షించరు. పేజీ అంతా అవే అయితే ఆ పేజీకి విలువ కట్టరు, అంతే. ఈ మూడు జిల్లాల పరిధిలో ఏరి, ఒకే సంగతి మీది వార్తలను కలిపి, మండలం వారీగా పెట్టిన పేజీకి విలువ ఉంటుంది. అలా ఏరి పెట్టడమే ఇతరులు చేయని పని.

హక్కులు, బాధ్యతలు

ఫీడ్ బహిరంగంగా ఉంది గనక ఎవరైనా వాడుకోవచ్చన్నది సరికాదు. జరిగిన సంఘటన మీద ఎవరికీ కాపీరైటు లేదు, దాన్ని చెప్పిన మాటల మీద, తీసిన ఫొటో మీద ఉంది. శీర్షిక, ఒక వాక్యం, మూలానికి లింకు వరకు సాధారణంగా ఎవరూ అభ్యంతరపెట్టరు. పూర్తి పాఠం, ఫొటో వేసుకోవాలంటే అనుమతి గాని చందా గాని కావాలి. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ వర్తమాన విషయాల మీది వ్యాసాలను పత్రికలు తిరిగి వేసుకోవడానికి కొంత వెసులుబాటు ఇస్తుంది, రచయిత ఆ హక్కును తనకే అట్టిపెట్టుకుంటున్నానని చెప్పకపోతేనే. సైట్ల అడుగున ఉండే 'అన్ని హక్కులూ మావే' అన్న వరుస ఆ వెసులుబాటుకు అడ్డం పడుతుంది. సొంతంగా డబ్బు పెట్టి సేకరించిన వార్తను పోటీదారు వెంటనే ఎత్తుకుపోవడం తగదని అమెరికా సుప్రీంకోర్టు 1918లోనే అసోసియేటెడ్ ప్రెస్ కేసులో అన్నది. 2024 నవంబరులో ఏఎన్‌ఐ వార్తాసంస్థ కృత్రిమ మేధ సంస్థ ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఆ తగాదాకూ వార్తను ఎవరు ఎంతవరకు వాడుకోవచ్చన్నదే మూలం.

2021 ఫిబ్రవరి 25న వచ్చిన ఐటీ నిబంధనలు వార్తలను ఏరి చూపే సైట్లను కూడా వార్తా ప్రచురణకర్తల కిందే లెక్కగట్టాయి. ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలని, పదిహేను రోజుల్లో తేల్చాలని అందులో ఉంది. అదే ఏడాది ఆగస్టులో బాంబే హైకోర్టు 9వ నిబంధనలోని రెండు ఉపనిబంధనల అమలును నిలిపేసింది. డిజిటల్ వార్తల్లో విదేశీ పెట్టుబడికి 26 శాతం హద్దు పెట్టినప్పుడు కూడా 2020 వివరణలో ఏరి చూపే సైట్లను చేర్చారు. వర్తకం కోసం నడిచే సైటులో వార్తల పెట్టె తగిలించేవాళ్లు ఇదంతా ఆలోచించరు. అవతలివాళ్ల ఫీడ్‌లో ఒకరి పరువు తీసే అబద్ధం వస్తే అది మన పేజీలో మన పేరు కింద కనిపిస్తుందన్నది మాత్రం ఆలోచించాల్సిందే. మూలం సైటు ఆ వార్తను తీసేసినా మన దగ్గర దాచిన ప్రతి మిగిలే ఉంటుంది, దాన్ని తొలగించే మీట ఒకటి ముందే పెట్టుకోవాలి.

ఎదురు ఫీడ్

ఇంతవరకు చెప్పింది తీసుకోవడం గురించి. ఈ జిల్లాల నుంచి బయటికి వెళ్లే ఫీడ్ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. న్యూస్‌హంట్‌గా మొదలై డైలీహంట్ అయిన యాప్, హైదరాబాద్ నుంచి నడిచే వే2న్యూస్ వంటివి స్థానిక వార్తకు పాఠకులున్నారని చూపించాయి. అయితే ఆ వార్త యాప్ గోడల లోపలే ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో పడిన వార్తకు చిరునామాయే ఉండదు, నెల తర్వాత వెతికితే దొరకదు.

స్థానిక సైటు పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గద్వాల, వనపర్తి మార్కెట్ యార్డుల్లో వేరుశనగ ధర, జూరాల మట్టం, నల్లమల అడవిలో రోడ్డు మూసిన కబురు, కోర్టు, కాలేజీ, ఆసుపత్రి ప్రకటనలు. ఇవి రాజధాని డెస్కులు రాయవు, రాసినా ఆలస్యంగా రాస్తాయి. పాలమూరు నుంచి ముంబయి, పుణె, బెంగళూరు పనులకు పోయిన కుటుంబాలు ఊరి కబురు కోసం చూస్తుంటాయి. వాళ్లకు కావలసింది సరిగ్గా ఈ సరుకే.

వర్డ్‌ప్రెస్‌లో ప్రతి విభాగానికీ దానంతటదే ఒక ఫీడ్ తయారవుతుంది, విభాగం చిరునామా చివర 'ఫీడ్' అన్న మాట చేరిస్తే చాలు. మండలానికో విభాగం పెట్టుకుంటే అయిజ వాళ్లు అయిజ ఫీడ్, పెబ్బేరు వాళ్లు పెబ్బేరు ఫీడ్ తీసుకోవచ్చు. శీర్షికలో మండలంతో పాటు జిల్లా పేరు రాస్తే పైన చెప్పిన ఆత్మకూరు తికమక ఇతరులకు ఉండదు. ఊరి అక్షాంశ రేఖాంశాలను వార్తతో పాటు పంపే జియోఆర్‌ఎస్‌ఎస్ అనే చేర్పు ఉంది. అది వాడితే పేరు ఎలా రాసినా యంత్రం చోటును గుర్తుపడుతుంది, గట్టు మండలానికీ చెరువు గట్టుకూ తేడా తెలుస్తుంది.